మూడో మాత్ర

మార్చి 3

పరీక్షలు అయిపోయాయని మా పాప తన క్లాసు పిల్లలందరినీ ఇంటికి పిలిచింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పూల్‌లో ఒకటే గోల. మా మామగారు, ముసలాయన, ఒడ్డున కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఏ పిల్ల కాళ్లు సరిగ్గా ఆడించడం లేదో, ఏ పిల్ల తల పైకెత్తేస్తోందో కేకలేసి మరీ చెప్పాడు. ఓడరేవులో పైలట్‌గా పనిచేసి, కొండల్లాంటి ఓడల్ని రేవులోకి నడిపించిన గొంతు అది. పోయిన శీతాకాలం పక్షవాతం వచ్చి ఎడమ కాలిని పట్టుకుంది గానీ గొంతు జోలికి పోలేదు.

సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్లడానికి తల్లిదండ్రులు వచ్చారు. నేను అప్పుడే ఫిల్టరులోకి నీళ్లు ఎదురు తోసి బ్యాక్‌వాష్ చేసి, చెమటలు కక్కుకుంటూ మోటారు గదిలోంచి బయటికి వచ్చాను.

"పూల్ ఎంత బాగా ఉంచారండీ, ఎవరు చూస్తారు?" అని అడిగాడు ఒకాయన.

"అదిగో, మా బకెట్టు," అన్నాడు ముసలాయన నన్ను చూపించి. "మా ఇంట్లో రెండు మోటార్లున్నాయి. ఒకటి కరెంటుతో నడుస్తుంది. ఇది అన్నం పెడితే నడుస్తుంది."

అందరూ నవ్వారు. మా ఆవిడ కూడా నవ్వింది. వెంటనే పెదవి కొరుక్కుంది, అది వేరే సంగతి.

ఇల్లరికం వచ్చి పదిహేనేళ్లు. ఈ పేరుకీ అంతే వయసు. కొత్త అల్లుడికి ఈత రాదని తెలిసి, పెళ్లయిన వారంలోనే వెనక నుంచి నీళ్లలోకి తోశాడు. బకెట్టులా బుడుంగుమని మునిగానట. చుట్టాలందరికీ అభినయించి చూపించాడు. ఇప్పటికీ చూపిస్తాడు.

మార్చి 6

నీళ్లు అద్దంలా ఉన్నాయి. కానీ ఆదివారం నుంచి క్లోరిన్ వాసన ముక్కుపుటాలు అదరగొడుతోంది. పూల్ సామాన్ల షాపుకి వెళ్లాను.

"క్లోరిన్ ఎక్కువైతే వచ్చే వాసన కాదు సార్ అది," అన్నాడు షాపాయన. "చెమటలోనూ ఉచ్చలోనూ అమ్మోనియా ఉంటుంది కదా, దాంతో కలిసి క్లోరిన్ చెడిపోతే వచ్చే వాసన. పోయినేడు మీ ఫిల్టరులో ఇసుక తీసేసి జియోలైట్ వేశాం చూడండి, ఆ రాయి అమ్మోనియాని పట్టి దాచుకుంటుంది. కానీ దాని కడుపూ ఒక కడుపే. నిండిపోతే ఇంక పట్టదు. ఒక్కోసారి మింగింది కక్కుతుంది కూడా. మధ్యలో ఉప్పునీళ్లలో నానబెట్టారా?"

"బ్యాక్‌వాష్ చేస్తూనే ఉన్నానుగా."

"బ్యాక్‌వాష్ మట్టిని కడుగుతుంది, అమ్మోనియాని కడగదు. ట్యాంకు నిండా ఉప్పునీళ్లు పోసి ఒక పూట వదిలేయండి. తర్వాత బయటికి కొట్టేయండి. రాయి మళ్లీ కొత్తదైపోతుంది."

ఉప్పు బస్తాలు తెచ్చి మోటారు గదిలో గోడవారగా పెట్టాను. నీళ్లు పరీక్ష చేసే పెట్టె కూడా కొన్నాను. అందులో ఒకటో రకం, మూడో రకం అని మాత్రలున్నాయి. రెండో రకం ఎందుకు లేదో షాపాయనకీ తెలియదట. గాజు గొట్టంలో పూల్ నీళ్లు పోసి ఒకటో మాత్ర వేస్తే లేత గులాబీ రంగు వస్తుంది. అది మంచి క్లోరిన్. తర్వాత మూడో మాత్ర వేయాలి. రంగు మారకపోతే సరే. ముదిరితే, ముదిరిన మేరకు క్లోరిన్ చెడినట్టు.

ముదిరింది. బాగా ముదిరింది. అంతమంది పిల్లలు రోజంతా దిగాక ముదరక ఏమవుతుంది?

ఆదివారం ఉప్పు పెట్టేయాలి.

మార్చి 8

ముసలాయన చేత వ్యాయామం చేయించే అమ్మాయి వచ్చింది. నేల మీద అయితే ఆయన కర్ర పట్టుకుని, కాలీడ్చుకుంటూ రెండు గదులు దాటేసరికి ఆయాసపడతాడు. నీళ్లలో దిగాడా, కర్ర అక్కర్లేదు. ఛాతీ లోతులో ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తాడు. పాప పక్కనే వెనక్కి ఈదుతూ "ఇంకొంచెం తాతయ్యా, ఇంకొంచెం" అంటుంది. ఈ కాలు నిలబడాలంటే నీళ్లలో నడక మానకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. నీళ్లలో ఉన్నంతసేపూ ఆయన మళ్లీ పాత పైలటే.

ఇవాళ పైకి వచ్చేసరికి కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఏమయ్యా బకెట్టూ! నీళ్లలో కారం కలిపావా? పదిహేనేళ్లయింది, ఒక తొట్టెడు నీళ్లు శుభ్రంగా ఉంచడం చేతకాలేదు. ఆఫీసులో నిన్నెలా భరిస్తున్నారయ్యా?" అని ఆ అమ్మాయి వైపు తిరిగి, "ఇన్సూరెన్సు కంపెనీలో క్లెయిములు పరిశీలిస్తాడమ్మా. అంటే ఎవరికీ ఏమీ దక్కకుండా చూడటం" అన్నాడు.

ఆ అమ్మాయి మొహం పక్కకి తిప్పుకుని నవ్వింది.

నాకు నడుం కొంచెం పట్టేసింది. ఉప్పు బస్తాలు ఎత్తడం కష్టమేమో.

మార్చి 10

ఆదివారం. వాన వచ్చేలా ఉంది. ఉప్పు వచ్చే వారం.

(వాన రాలేదు.)

మార్చి 13

జరిగింది జరిగినట్టు రాస్తాను.

సాయంత్రం వ్యాయామం అయ్యాక టీ తాగడానికి అందరం టేబుల్ దగ్గర కూర్చున్నాం. మా ఆవిడ, పాప, ఆ అమ్మాయి, ముసలాయన. ఆయన తువ్వాలు కప్పుకుని కళ్లు నులుముకుంటూ మొదలెట్టాడు.

"ఒక ఫిల్టరుని కడగడం చేతకాని మగాడికి నా కూతుర్నిచ్చాను. అప్పట్లో కూడా కళ్లు మండుతున్నాయేమో, సరిగ్గా కనపడలేదు."

పాప పకపకా నవ్వింది. మిగతావాళ్లు నవ్వితే ఊరుకునేవాణ్నేమో.

మోటారు గదికి వెళ్లి, గాజు గొట్టంలో పూల్ నీళ్లు పట్టి ఒకటో మాత్ర వేసి తెచ్చాను. అందరి ముందూ టేబుల్ మీద పెట్టి మూడో మాత్ర వేశాను. లేత గులాబీ కాస్తా చిక్కటి ఎరుపులోకి దిగింది.

"మామయ్యా," అన్నాను. నా గొంతు ఎంత మెత్తగా వచ్చిందో నాకే ఆశ్చర్యం వేసింది. "ఈ మాట అనకూడదనే ఇన్నాళ్లూ ఊరుకున్నాను. ఇది ఫిల్టరులో పుట్టే రంగు కాదు. మనిషి ఒంట్లోంచి వచ్చే దానివల్ల వస్తుంది. షాపాయన్ని కనుక్కున్నాను. ఒకసారి డాక్టరుగారితో మాట్లాడితే మంచిదేమో. పక్షవాతం వచ్చినవాళ్లకి ఇలాంటివి మామూలేనట. మనకి తెలియకుండానే అయిపోతుందట."

"ఏది అయిపోతుంది?" అన్నాడు.

నేను పాప వైపు ఒకసారి చూసి తల దించుకున్నాను.

పాపే అంది. "అంటే, తాతయ్య పూల్‌లో ఉచ్చ పోస్తున్నాడా?"

"తప్పమ్మా. పెద్దవాళ్లని అలా అనకూడదు," అన్నాను.

వ్యాయామం అమ్మాయి కప్పు చప్పుడు కాకుండా కింద పెట్టింది. ముసలాయన తన ఒళ్లో ఉన్న తడి తువ్వాలు వైపు చూసుకున్నాడు. తర్వాత చేత్తో నిక్కరు తడుముకున్నాడు. నీళ్లలోంచి అప్పుడే వచ్చిన మనిషికి తడి కాక ఏం తగులుతుంది?

"ఏమండీ, ఇంక చాలు," అంది మా ఆవిడ.

ఆయన కర్ర అందుకుని లేచి తన గదిలోకి వెళ్లిపోయాడు. టీ తాగలేదు.

మార్చి 14

నేను అబద్ధం ఆడలేదు. నిన్నటి మాటలన్నీ మళ్లీ మళ్లీ గుర్తుచేసుకున్నాను. ఒక్క అబద్ధం లేదు. మా ఆఫీసులో ఎప్పుడూ 'డ్రైవరు తాగి ఉన్నాడు' అని రాయం. 'డ్రైవరు దగ్గర మద్యం వాసన వచ్చినట్టు తెలుస్తోంది' అని రాస్తాం. చదివేవాళ్లు ఏమనుకుంటే దానికి మా పూచీ లేదు.

మార్చి 17

ఆదివారం. ముసలాయన దిగాడు. పాప దిగలేదు.

"రావే, పందెం వేద్దాం," అని పిలిచాడు నీళ్లలోంచి.

"హోంవర్క్ ఉంది తాతయ్యా."

పరీక్షలు అయిపోయిన పిల్లకి హోంవర్క్ ఏమిటి? ఆయనకీ ఆ లెక్క తెలిసే ఉంటుంది. కాసేపు నీళ్లలో అలాగే నిలబడ్డాడు. తన చుట్టూ ఉన్న నీళ్లని వంగి వంగి చూసుకున్నాడు, ఏదో పారేసుకున్నవాడిలా. తర్వాత నడవకుండానే మెట్లెక్కి వచ్చేశాడు.

నేను ఒడ్డున కూర్చుని పరీక్ష చేస్తున్నాను. మూడో మాత్ర వేసేదాకా ఆగి, "ఎలా ఉంది?" అని అడిగాడు. నన్ను ఒక ప్రశ్న అడిగి జవాబు కోసం ఎదురుచూడటం ఈ ఇంట్లో ఇదే మొదటిసారి.

"అలాగే ఉంది మామయ్యా," అన్నాను.

తలూపి వెళ్లిపోయాడు. 'బకెట్టు' అనలేదు.

ఉప్పు పెట్టడానికి ఇవాళ తీరిక దొరకలేదు.

మార్చి 20

ముసలాయన మోటారు గదికి వచ్చాడు. ఎన్నడూ అడుగుపెట్టని గది. లోపల ఇద్దరు నిలబడితే మోచేతులు తగులుతాయి. మోటారు మోత మధ్య ఆయన మాట సరిగ్గా వినపడక, "ఏంటి మామయ్యా?" అని రెండుసార్లు అడిగాను. రెండోసారి వినపడింది నిజానికి.

"అవే... పెద్దవాళ్లకి కట్టేవి ఉంటాయట కదా. నీళ్లలో కూడా పనికొచ్చేవి. తెచ్చిపెడతావా? మా అమ్మాయికి తెలియనివ్వకు."

"అలాగే మామయ్యా. అందులో సిగ్గుపడాల్సిందేముంది?"

ఆయన వెళ్లబోతూ ఉప్పు బస్తాల మీద చెయ్యి ఆనించి నిలదొక్కుకున్నాడు. అవేమిటని అడగలేదు.

మార్చి 21

అన్నిటికన్నా పెద్ద డైపర్ల ప్యాకెట్టు తెచ్చాను. మందుల షాపులో కవరు లేదన్నారు. ప్యాకెట్టు మీద నవ్వుతున్న ముసలి జంట బొమ్మ. వీధి గుమ్మంలోంచే తేవాల్సి వచ్చింది. హాల్లో పాప, పాప స్నేహితురాలు టీవీ చూస్తున్నారు. మా ఆవిడ వంటింట్లోంచి చూసింది.

"పెరటి వైపు నుంచి రావచ్చుగా!" అంది తర్వాత.

"చేతులు ఖాళీ లేవు, ఆ తలుపు లోపలి నుంచి గడియ పెట్టి ఉంది," అన్నాను. గడియ పెట్టి ఉంది కూడా. కావాలంటే చూసుకోవచ్చు.

మార్చి 25

ముసలాయన పొద్దున కాఫీ మానేశాడు. మంచిదే, ఈ వయసులో.

మధ్యాహ్నం భోజనం దగ్గర కూడా గ్లాసు ముట్టుకోవడం లేదు. నీళ్లలో దిగే ముందు రోజంతా ఏమీ తాగకుండా ఉంటే కడుపులో ఏమీ ఉండదని ఆయన లెక్క అయి ఉండాలి. ఓడల మనిషి, బరువు తగ్గిస్తే ఓడ తేలుతుందని తెలుసు.

మార్చి 26

మా ఆవిడ ఇచ్చిన మంచినీళ్ల గ్లాసు పట్టుకుని ముసలాయన వాష్‌బేసిన్ దగ్గరికి వెళ్లాడు. గ్లాసు మెల్లగా వంపేసి, ఖాళీ గ్లాసు తెచ్చి టేబుల్ మీద పెట్టి, "తాగేశానమ్మా" అన్నాడు.

వరండాలోంచి చూశాను. ఆయన నన్ను చూడలేదు. అది తండ్రీకూతుళ్ల మధ్య సంగతి. నేను తలదూర్చడం బాగుండదు.

మార్చి 28

ఇవాళ ఆ కట్టుకునేవి కట్టుకుని దిగాడు. నీళ్లు తాగి అది ఉబ్బిపోయింది. మెట్లెక్కుతుంటే నిక్కరు జారి, లోపలిది సగం బయటపడింది. వ్యాయామం అమ్మాయి గబుక్కున తువ్వాలు చుట్టింది గానీ, పాప కిటికీ దగ్గర నిలబడి ఉంది. ఆయన తలెత్తి చూసేసరికి పరదా పడిపోయింది.

నన్ను పరీక్ష చేయమన్నాడు. చేశాను. ఎరుపే.

"అవి కట్టుకున్నా కూడానా?"

"బాధపడకండి మామయ్యా."

ఆ అమ్మాయిని ఇంక రావొద్దని చెప్పేశాడు. కాలు బాగానే ఉందట.

ఇన్నేళ్లలో నాతో ఇంత నెమ్మదిగా మాట్లాడిన రోజు లేదు. 'అబ్బాయ్, కాస్త చెయ్యి అందించు' అన్నాడు. అందించాను. వేళ్లు ఎండిన కొమ్మల్లా ఉన్నాయి.

ఏప్రిల్ 1

పూల్‌లో ఎవరూ దిగడం లేదు. ముసలాయన మాత్రం ఇప్పటికీ నీళ్లు తాగడం లేదు, పక్క తడుస్తుందనేమో. బ్యాక్‌వాష్ చేశాను. మోటారు ఆపి, పిడి తిప్పి, మళ్లీ మోటారు వేసి, ఫిల్టరు పక్కనున్న గాజు బుడ్డిలో బురద నీళ్లు తేరుకునేదాకా చూస్తూ నిలబడ్డాను. ఈ ఇంట్లో నా మాట వినే వస్తువు ఇదొక్కటే అనుకునేవాణ్ని.

మూడో మాత్ర వేశాను. ఎరుపు. నాలుగు రోజులుగా మనిషి జాడ లేదు, అయినా తగ్గలేదు. విచిత్రమే.

ఏప్రిల్ 4

ఇంట్లో ఎవరూ లేనప్పుడు నేనే దిగాను. ఛాతీ లోతు దాకా వెళ్లి, అంచు పట్టుకుని, ముసలాయన నడిచే దారిలో ఈ చివర నుంచి ఆ చివరకి నడిచాను. నీళ్లు మనిషిని ఎత్తి పట్టుకుంటాయని పుస్తకాల్లో చదవడమే గానీ ఎరగను. హాయిగానే ఉంది. కళ్లు మాత్రం మండాయి.

ఏప్రిల్ 7

ఆదివారం. మా ఆవిడ ఒడ్డున కూర్చుని పిల్లల పేపర్లు దిద్దుతోంది. స్కూల్లో లెక్కలు చెబుతుంది. నేను పరీక్ష చేస్తుంటే కలం ఆపి చూసింది.

"ఇంకా ఎర్రగానే వస్తోందా?"

"అలాగే ఉంది."

"నాన్న దిగడం మానేసి పది రోజులైందండీ."

"ఊఁ."

"పాప దిగడం లేదు. నేను దిగను. మరి ఇవాళ్టి రంగు ఎవరిది?"

నేను నీళ్లు నమిలాను. పాత నీళ్లు కదా, తగ్గడానికి టైము పడుతుంది, అలా ఏదో అన్నాను. ఆమె పేపర్లు పక్కన పెట్టి లేచి మోటారు గదికి వెళ్లింది. కాసేపటికి తిరిగి వచ్చింది. అరచేతిలో ఉప్పు రాళ్లు.

"ఈ బస్తాలు ఎందుకు తెచ్చారు?"

చెప్పాను. ఆ రాయి సంగతి, ఉప్పునీళ్ల సంగతి. చెప్పక తప్పింది కాదు, రేపు షాపుకి ఫోన్ చేసినా తెలిసేదే.

"ఎప్పుడు తెచ్చారు?"

"పోయిన నెల."

"టీ దగ్గర మాట్లాడిన రోజుకి ముందా, తర్వాతా?"

నేను గాజు గొట్టం కడగడం మొదలెట్టాను. ఆమె చేతిలో ఉప్పు నీళ్లలోకి విసిరేసి, "నాన్నకి మీరే చెప్పాలి. ఆయన వల్ల కాదని, మీ వల్లేనని మీ నోటితో చెప్పాలి" అంది. ఏడవలేదు. ఏడిస్తే ఏదో సర్దిచెప్పేవాణ్ని.

ఆయన నిద్రపోతున్నాడు. రేపు పొద్దున చెప్తానన్నాను.

ఏప్రిల్ 8

చెప్పే వీలు లేకపోయింది. తెల్లవారేసరికి ముసలాయన బాత్రూము గుమ్మంలో పడి ఉన్నాడు. పెదవులు పగిలి నెత్తురు కారింది. నాలుక తోలు ముక్కలా ఉంది. పిలిస్తే కళ్లు ఇటు తిప్పాడు గానీ మాట రాలేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ గోళ్లు చూసి, చర్మం గిల్లి చూసి, "ఈయన సరిగ్గా నీళ్లు తాగి ఎన్నాళ్లయింది?" అని అడిగింది. ఒళ్లు ఎండిపోయి రక్తం చిక్కబడి మెదడులో మళ్లీ గడ్డ కట్టిందట. మూత్రపిండాలు కూడా దెబ్బతిన్నాయట.

"నేను రోజూ ఇస్తూనే ఉన్నాను డాక్టరుగారూ. తాగేశానమ్మా అనేవాడు," అంది మా ఆవిడ.

డాక్టరు నన్నేమీ అడగలేదు.

ఏప్రిల్ 9

అందరూ ఆసుపత్రిలో ఉన్నారు. బట్టలు తీసుకెళ్లడానికి ఇంటికి వచ్చి, ఆ పని పూర్తి చేశాను.

మోటారు ఆపాను. ఫిల్టరు మూత విప్పి నీళ్లు సగం తీశాను. పెద్ద డ్రమ్ములో ఉప్పు పోసి, ఇంక కరగదు అనేదాకా కర్రతో కలిపి, జియోలైట్ మునిగేలా ట్యాంకులో పోశాను. సాయంత్రం దాకా వదిలేశాను. తర్వాత బ్యాక్‌వాష్. గాజు బుడ్డిలో ముందు తెల్లగా పాలలా వచ్చింది, తర్వాత లేత పసుపు, తర్వాత ఏమీ లేదు. ఉన్న నీళ్లలో చెడిందంతా విరిగిపోయేలా క్లోరిన్ గట్టిగా వేశాను. నడుం నొప్పి కూడా రాలేదు.

ఇంత తేలిక పని.

ఏప్రిల్ 11

మూడో మాత్ర వేశాను. రంగు కదల్లేదు. మళ్లీ వేశాను. కదల్లేదు. వాసన లేదు. అడుగున ఉన్న పలకల మధ్య గీతలు లెక్కపెట్టొచ్చు.

ఎవరికి చూపించాలో తెలియలేదు.

ఏప్రిల్ 14

మామయ్యకి మాట వచ్చింది. ముద్దగా వస్తోంది, దగ్గరికి వంగితే అర్థమవుతుంది. రెండు కాళ్లూ కదలడం లేదు.

మా ఆవిడ నన్ను గదిలోకి పంపి తలుపు వేసింది. "ఇప్పుడు చెప్పండి" అంది, అంతే.

కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. నోరు తెరిచాను. ఆయనే ముందు అందుకున్నాడు.

"బాబూ," అన్నాడు.

వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూశాను. ఎవరూ లేరు.

"నువ్వు ఆ రోజు చెప్పకపోతే, ఆ నీళ్లలోనే నా మనవరాలిని ఆడించేవాణ్ని. వచ్చినవాళ్లంతా చాటుగా నవ్వుకునేవాళ్లు. ఎవరికీ ధైర్యం చాల్లేదు. నువ్వు చెప్పావు. చెప్పి, ఒక్కసారి కూడా ఎత్తిపొడవలేదు. నేనైతే ఎత్తిపొడిచేవాణ్ని. ఊరంతా చెప్పి నవ్వేవాణ్ని." ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "పదిహేనేళ్లు నిన్ను నానా మాటలూ అన్నాను. మనిషివి కాదన్నట్టు చూశాను. సిగ్గేస్తోంది."

కుడి చెయ్యి వెతుక్కుంటూ వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

ఈ మాటల కోసం నేను ఎన్నేళ్లు కాచుకున్నానో ఆయనకి తెలియదు. స్నానం చేస్తూ, స్కూటరు నడుపుతూ, ఆఫీసులో ఫైళ్ల మధ్య ఆయన చేత నా మనసులో ఎన్నిసార్లు అనిపించుకున్నానో. అచ్చం ఇవే మాటలు. ఒక్క వాక్యం చెప్తే ఇవన్నీ వెనక్కి ఇచ్చేయాలి.

"విశ్రాంతి తీసుకోండి మామయ్యా," అన్నాను.

బయటికి రాగానే మా ఆవిడ లేచి నిలబడింది. "చెప్పారా?"

"చెప్పాను."

"ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. చెయ్యి పట్టుకున్నాడు."

అప్పుడు ఏడ్చింది, నా భుజం మీద తల పెట్టి.

ఏప్రిల్ 16

మా ఆవిడ సంతోషంగా వెళ్లి, "విన్నావుగా నాన్నా, నీ తప్పేం లేదు, ఆ రాయి కడక్కపోవడం వల్ల వచ్చింది. ఇంటికి వచ్చాక మళ్లీ నీళ్లలో దిగుదువుగాని" అందట. ఆయనకి ఏమీ అర్థం కాలేదట. అర్థమయ్యాక నమ్మలేదట.

"నా మొహం చూసి అంటున్నావమ్మా. అల్లుడు చెప్పాడుగా. వాడికి నా మీద అబద్ధం ఆడాల్సిన అవసరం ఏముంది?" అన్నాడట. ఆమె ఒట్లు పెట్టిన కొద్దీ ఆయన గోడ వైపు తిరిగిపోయాడట.

ఇదంతా వంటింట్లో నిలబడి, నా వైపు చూడకుండా చెప్పింది. చివర, "మీరు చెప్పలేదు" అంది. అడగలేదు, చెప్పింది.

"రేపు నాతో రండి. నా ముందు, పాప ముందు చెప్పండి."

ఏప్రిల్ 17

వెళ్లాం. పాప తాతయ్య కాళ్ల దగ్గర, మంచం అంచు పట్టుకుని నిలబడింది. నెల రోజులుగా ఆయన్ని ముట్టుకోని పిల్ల, దుప్పటి మీద నుంచి ఆయన పాదం మీద చెయ్యి వేసింది. ఆయనకి తెలియలేదు. ఆ కాళ్లలో స్పర్శ లేదు.

"మామయ్యా," అన్నాను. "అది మీ వల్ల కాదు. ఫిల్టరులో రాయి నిండిపోయింది. మీరు దిగకపోయినా ఎరుపే వచ్చింది. ఉప్పు పెట్టాక పోయింది. మీకు ఆ జబ్బేమీ లేదు."

అన్నాను. ఒక్క మాట మింగకుండా అన్నాను.

మామయ్య నన్ను చాలాసేపు చూశాడు. తర్వాత మూతి ఒక పక్కకి లాగేస్తున్నా నవ్వాడు.

"చూశావటే," అన్నాడు కూతురితో. "అబద్ధం రాని మనిషి. నా కోసం అది కూడా నేర్చుకున్నాడు."

పాప నా వైపు చూసింది. మా ఆవిడా చూసింది. ఇంకో వాక్యం ఉందని ఆమెకి తెలుసు. నాకు ముందే తెలుసునని, ఉప్పు తెచ్చి కూడా పెట్టలేదని, కావాలనే అలా ఉంచానని. అది చెప్తే ఆయన నమ్ముతాడు. నా గురించి అలాంటిది నమ్మడం ఆయనకి ఎప్పుడూ కష్టం కాదు.

సెలైను బాటిల్ అయిపోవచ్చింది. నర్సుని పిలవడానికి బయటికి వచ్చాను.

ఏప్రిల్ 18

పాప నాతో మాట్లాడటం లేదు. వాళ్లమ్మ ఏమైనా చెప్పిందో, తనకే తెలిసిందో.

మే 5

మామయ్యని ఇంటికి తెచ్చి మూడు రోజులైంది. మంచం పూల్ వైపు కిటికీ దగ్గర వేయించాను, చల్లగాలి వస్తుందని. వద్దన్నాడు. అవతలి గోడకి మార్పించుకున్నాడు. వ్యాయామం అమ్మాయి వచ్చి చూసి వెళ్లింది. ఈ కాళ్లతో నీళ్లలో కూడా లాభం లేదంది.

ఒళ్లు తుడవడానికి మనిషిని పెడతానంది మా ఆవిడ. ఆయన ఒప్పుకోలేదు. కూతుర్ని కూడా రానివ్వడు. "నీకు తెలియందేముంది బాబూ" అని నన్నే పిలుస్తాడు. పొద్దున ఆఫీసుకి వెళ్లే ముందు, సాయంత్రం వచ్చాక, నేనే అన్నీ చేస్తాను. ఆయన మొహం పక్కకి తిప్పుకుని పడుకుంటాడు. అయిపోయాక ప్రతిసారీ, "క్షమించు" అంటాడు.

ఇవాళ దుప్పటి మార్చి, దిండు ఎత్తు చేసి గ్లాసు అందించాను. పెదవులు బిగించాడు.

"తాగాలి మామయ్యా. డాక్టరు చెప్పింది."

"మళ్లీ నీకే కదయ్యా పని."

"నాకేం కష్టం లేదు. తాగండి."

"నువ్వు తాగమంటే తాగుతాను," అని నోరు తెరిచాడు. గుటక గుటకకీ నా మొహంలోకి చూస్తూ, చాలా సావకాశంగా, గ్లాసంతా తాగాడు.

వెనక్కి తిరిగేసరికి మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. పక్కకి తప్పుకుని దారి ఇచ్చింది. నేను వంటింట్లోకి వెళ్లి గ్లాసు కడిగి బోర్లించాను.